జాజ్ రికార్డు కవర్లు, ప్రకటనలు: తరచుగా అడిగే ప్రశ్నలు

జాజ్ గురించి ఎవరితో మాట్లాడినా, నాలుగు మాటలయ్యాక సంగీతం పక్కకి వెళ్లి కవర్ల గురించే అడుగుతారు. ఆ నీలం ఫొటో ఎవరిది? ఆ లావు అక్షరాలు ఎవరు పెట్టారు? కాఫీ షాపు గోడ మీద ఎందుకు తగిలిస్తారు? అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయని అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి, ఏ జవాబు ఆ జవాబుగానే అర్థమవుతుంది. నేను గట్టిగా నమ్మేది మాత్రం ముందే చెప్తాను. లోపలి సంగీతం ఎలా ఉంటుందో కవర్ కొంతే చెప్తుంది. దాన్ని ఎవరికి అమ్మాలనుకున్నారో మాత్రం పూర్తిగా చెప్పేస్తుంది.

## కొత్తగా చూడటం మొదలుపెట్టినవాళ్లకు

రికార్డుకి అట్ట మీద బొమ్మ వేయడం ఎప్పుడు మొదలైంది?

పాత 78 ఆర్‌పీఎం రికార్డులో ఒక వైపు మూడు నాలుగు నిమిషాలకి మించి పట్టేది కాదు. అందుకని నాలుగైదు రికార్డులు కలిపి, ఫొటో ఆల్బమ్‌లా కుట్టిన అట్టల మధ్య పెట్టి అమ్మేవారు. ‘ఆల్బమ్’ అన్న మాట అలా వచ్చిందే. ఆ అట్టలు ఆఫీసు రిజిస్టర్లలా ఉండేవి. ఒకటే రంగు, మీద పేరు, అంతే. 1940లో అమెరికాలో కొలంబియా కంపెనీలో పనిచేస్తున్న అలెక్స్ స్టైన్‌వైస్ అనే కుర్ర డిజైనర్ వాటి మీద బొమ్మలు వేద్దామన్నారు. రాజర్స్, హార్ట్ పాటల ఆల్బమ్ కోసం ఒక థియేటర్ ముందున్న దీపాల బోర్డు మీద అక్షరాలు మార్పించి, రాత్రిపూట ఫొటో తీయించారు. 1948లో ఎల్పీ (లాంగ్ ప్లే రికార్డు) వచ్చింది. అప్పటి నుంచి పన్నెండు అంగుళాల చదరం డిజైనర్ల చేతికి వచ్చింది.

జాజ్ అసలు వినలేదు. కవర్లు చూసి మొదలుపెడితే తప్పా?

తప్పేం కాదు. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఒక చిన్న అలవాటు చేసుకోండి చాలు. కవర్ చూడగానే ‘ఇందులో ఎవరి ముఖం ఉంది, ఎవరి పేరు పెద్దగా ఉంది’ అని చూడండి. తర్వాత వెనక అట్ట తిప్పి ఎవరెవరు ఏ వాద్యం వాయించారో చదవండి. జాజ్ రికార్డుల మీద డ్రమ్స్ వాయించినవాళ్ల పేరు కూడా రాస్తారు. అలా నాలుగు అట్టలు తిరగేసేసరికి ఒకే పేరు రెండు మూడు చోట్ల కనిపిస్తుంది. తర్వాత ఏం వినాలో ఆ పేరే చెప్తుంది.

జాజ్ అనగానే చీకటి గది, సిగరెట్ పొగ ఎందుకు గుర్తొస్తాయి?

ఆ ఊహ స్థిరపడటంలో హెర్మన్ లెనర్డ్ ఫొటోలకి పెద్ద వాటా ఉంది. 1948లో న్యూయార్క్‌లోని రాయల్ రూస్ట్ క్లబ్బులో శాక్సొఫోన్ వాద్యకారుడు డెక్స్‌టర్ గోర్డన్‌ని ఆయన ఫొటో తీశారు. గోర్డన్ కూర్చుని ఉన్నారు. వాద్యం ఒళ్లో ఉంది. వదిలిన పొగ మబ్బులా పైకి లేచింది. లెనర్డ్ ఒక దీపాన్ని వెనక నుంచి పెట్టడం వల్ల ఆ పొగ మీద వెలుగు పడి, అది కూడా ఇంకో మనిషిలా కనిపిస్తుంది. అద్భుతమైన ఫొటో, అందులో సందేహం లేదు.

కానీ ఆ క్లబ్బులు వాద్యకారుల ఉద్యోగం. న్యూయార్క్ క్లబ్బుల్లో వాయించాలంటే ఆ రోజుల్లో పోలీసులు ఇచ్చే క్యాబరే కార్డు ఉండాల్సి వచ్చేది. 1951లో ఆ కార్డు రద్దయిన పియానో వాద్యకారుడు థెలోనియస్ మంక్ 1957 దాకా ఆ ఊరి క్లబ్బుల్లో వాయించలేకపోయారు. పొగ ఫొటోలో పడింది. కార్డు పోయిన ఆరేళ్లు ఏ ఫొటోలోనూ పడలేదు.

మొదట్లో జాజ్‌ని ఎలా ప్రచారం చేశారు?

వింతగా, వినోదంగా. 1917లో మొదటి జాజ్ రికార్డు వేసింది ఒరిజినల్ డిక్సీల్యాండ్ జాస్ బ్యాండ్, వాళ్లంతా తెల్లవాళ్లు. న్యూ ఆర్లియన్స్ నల్లజాతి వీధుల్లో పెరిగిన సంగీతం రికార్డు దుకాణంలోకి మొదట తెల్లవాళ్ల చేతుల మీదుగా వచ్చింది. తర్వాత న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో కాటన్ క్లబ్. వేదిక మీద నల్లజాతి కళాకారులు, బల్లల దగ్గర తెల్లవాళ్లు మాత్రమే. డ్యూక్ ఎల్లింగ్టన్ 1927 నుంచి అక్కడ వాయించారు. అక్కడ ఆయన సంగీతానికి ‘జంగిల్’ అన్న ముద్ర వేశారు. కొన్ని రికార్డులు ‘జంగిల్ బ్యాండ్’ అన్న పేరుతోనే వచ్చాయి. అంత సున్నితమైన స్వరకర్తకి అడవి బోర్డు తగిలించారు, ఎందుకంటే టికెట్ కొనేవాళ్లకి కావలసింది అది.

‘రేస్ రికార్డ్స్’ అంటే ఏంటి?

నల్లజాతి కొనుగోలుదారుల కోసం కంపెనీలు విడిగా నడిపిన వరస. 1920లో మేమీ స్మిత్ పాడిన బ్లూస్ రికార్డు బాగా అమ్ముడుపోయాక కంపెనీలకి ఆ మార్కెట్ కనిపించింది. షికాగో డిఫెండర్ లాంటి నల్లజాతి పత్రికల్లో బొమ్మలతో ప్రకటనలు వేసేవారు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ తొలి గొప్ప రికార్డులు కూడా ‘ఓకే’ అనే కంపెనీ రేస్ వరసలోనే వచ్చాయి. 1949లో బిల్‌బోర్డ్ పత్రిక తన పట్టికలో ఆ పేరు తీసేసి ‘రిథమ్ అండ్ బ్లూస్’ అని పెట్టింది.

## బ్లూ నోట్ దగ్గర ఆగిపోయినవాళ్లకు

బ్లూ నోట్ కవర్లకి ఎందుకంత పేరు?

నలుగురు మనుషులు ఒక దగ్గర కుదిరారు కాబట్టి. బెర్లిన్ నుంచి వచ్చిన ఆల్ఫ్రెడ్ లయన్ 1939లో న్యూయార్క్‌లో ఈ జాజ్ రికార్డు కంపెనీ పెట్టారు. నాజీల నుంచి తప్పించుకుని అదే ఏడాది ఆయన చిన్ననాటి స్నేహితుడు ఫ్రాన్సిస్ వుల్ఫ్ వచ్చి చేరారు. వుల్ఫ్ ఫొటోగ్రాఫర్. రికార్డింగ్ జరుగుతుంటే పక్కనే నిలబడి ఫొటోలు తీసేవారు. శబ్దం పట్టింది రూడీ వాన్ గెల్డర్. 1959 దాకా ఆయన స్టూడియో న్యూజెర్సీలో అమ్మానాన్నల ఇంటి ముందు గదే. 1950ల మధ్య నుంచి 1967 దాకా దాదాపు 500 కవర్లు వేసిన డిజైనర్ రీడ్ మైల్స్.

వుల్ఫ్ ఫొటోల్లో వాద్యకారులు కెమెరా కోసం నవ్వరు. చొక్కా చేతులు మడిచి, నుదుటి మీద చెమటతో, పక్కవాడు వాయించేది తల వంచి వింటూ ఉంటారు. పని చేస్తున్న మనిషికి ఉండే గౌరవం అది. ఆ రోజుల్లో నల్లజాతి కళాకారుల్ని అమెరికా సాధారణంగా నవ్వించే వేషాల్లో చూపించేది. ఈ కవర్లు ఆ పని చేయలేదు. ఈ కవర్ల అందం గురించి అందరూ మాట్లాడతారు. నాకు మాత్రం ఆ మర్యాదే ముందు కనిపిస్తుంది.

రీడ్ మైల్స్ జాజ్ వినేవారు కాదట, నిజమేనా?

నిజమే. ఆయనకి ఇష్టం పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం. కంపెనీ ఇచ్చిన జాజ్ రికార్డులు తీసుకెళ్లి శాస్త్రీయ రికార్డులకి మార్చుకునేవారట. మరి అంత బాగా ఎలా వేశారంటే, రికార్డింగ్ ఎలా సాగింది, పాట మూడ్ ఏంటి అన్నది లయన్ ఆయనకి వివరించి చెప్పేవారు. మైల్స్ ఆ మాటల్ని బొమ్మ చేసేవారు. పాట రాసే కవికి దర్శకుడు సన్నివేశం చెప్పడం మనకి తెలిసిందే కదా, అలాంటిదే. ఒక్కో కవర్‌కి 50 డాలర్ల దాకా ఇచ్చేవారని చెప్తారు.

అన్నీ నీలం, ఎరుపు, ఆకుపచ్చ ఒక్క రంగులోనే ఉంటాయి. కళ కోసమా?

డబ్బుల కోసం. అన్ని రంగులూ రావాలంటే నాలుగు సిరాలు వాడాలి, నాలుగు ప్లేట్లు చేయాలి. బ్లూ నోట్ చిన్న కంపెనీ. నలుపు, దానికి తోడు ఇంకో సిరా, వీటితోనే చాలాసార్లు సరిపెట్టారు. నలుపు-తెలుపు ఫొటో మీద నీలం సిరా పరిస్తే రాత్రిలా మారిపోతుంది.

శాక్సొఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ 1957లో రికార్డు చేసిన ‘బ్లూ ట్రెయిన్’ కవర్ దగ్గర పెట్టుకుని చూడండి. ఒక చేయి తల వెనక్కి వెళ్లింది, ఇంకో చేతి వేళ్లు పెదాల దగ్గర. చూపు కిందికి ఉంది. వాయించడం ఆపి ఏదో లెక్క చూసుకుంటున్న మనిషి. ఫొటో అంతా ఒకటే నీలం. అదే ఫొటో మామూలు రంగుల్లో ఉంటే ఆయన చొక్కా రంగు మన కంట పడేది. ఇక్కడ ఆయన ఆలోచన తప్ప ఇంకేం కనపడదు. ఖర్చు తగ్గించుకోవడానికి చేసిన పని జాజ్‌కే రంగు అయిపోయింది.

ఫొటోలో తల సగం కోసేస్తారేంటి? తప్పు ప్రింటా?

కాదు, కావాలనే. డిజైనర్ రీడ్ మైల్స్ ఫొటోని పవిత్రంగా చూడలేదు. నుదురు కోసేసేవారు, ఒక మూలకి చిన్న చదరంగా నెట్టేసేవారు, మిగిలిన చోటంతా అక్షరాలకి ఇచ్చేవారు. తను తీసిన మంచి ఫొటోలు అలా ముక్కలవుతుంటే వుల్ఫ్‌కి బాధగా ఉండేదట. నాకు ఇద్దరి పక్షమూ అర్థమవుతుంది. కానీ మనిషి మొత్తం కనిపిస్తే అది ఫొటో స్టూడియో బొమ్మలా ఉంటుంది. తెగిన నుదురు చూస్తే మనం ఆ గదిలోనే, ఆయనకి మూడడుగుల దూరంలో ఉన్నట్టు అనిపిస్తుంది.

ఒట్టి అక్షరాలతో కవర్ వేస్తే ఎవరు కొంటారు?

కొన్నారు. శాక్సొఫోన్ వాద్యకారుడు జాకీ మెక్లీన్ ‘ఇట్స్ టైమ్!’ కవర్ మీద వరసలు వరసలుగా ఆశ్చర్యార్థకాలు. మెక్లీన్ ఫొటో ఒక మూల స్టాంపంత. రికార్డు చేసింది 1964లో, అమెరికాలో పౌరహక్కుల చట్టం వచ్చిన ఏడాది. ‘సమయం వచ్చింది’ అన్న మాట వెనక అన్ని ఆశ్చర్యార్థకాలు ఊరికే పడలేదని నాకు అనిపిస్తుంది.

అదే ఏడాది వచ్చిన ఎరిక్ డాల్ఫీ ‘ఔట్ టు లంచ్!’ చూడండి. దుకాణం తలుపుకి ‘మళ్లీ వస్తాం’ అని వేలాడే గడియారం బోర్డు ఉంది. కానీ ఆ గడియారానికి ముళ్లు రెండు కాదు, చాలా ఉన్నాయి, ఒక్కోటి ఒక్కో వైపు చూపిస్తోంది. లోపల సంగీతంలో తాళం కూడా అంతే. ఐదుగురూ ఐదు గడియారాలు పెట్టుకున్నట్టు వాయిస్తారు, అయినా కలిసే ఉంటారు. సంగీతాన్ని ఇంత కచ్చితంగా చెప్పిన కవర్ ఇంకోటి నేను చూడలేదు.

ఆండీ వార్హోల్ కూడా బ్లూ నోట్‌కి బొమ్మలు వేశారా?

వేశారు, పాప్ ఆర్ట్ చిత్రకారుడిగా పేరు రాకముందు. 1950ల్లో ఆయన ప్రకటనలకి బొమ్మలు వేసే ఆర్టిస్టు. గిటారిస్టు కెన్నీ బరెల్, శాక్సొఫోన్ వాద్యకారుడు జానీ గ్రిఫిన్ రికార్డులకి సన్నని సిరా గీతలతో బొమ్మలిచ్చారు. ఆయన తల్లి జూలియా చేతిరాతతో నింపిన కవర్ కూడా ఒకటుంది, 1957లో ప్రెస్టీజ్ కంపెనీ వేసిన, మూన్‌డాగ్ అనే సంగీతకారుడి రికార్డు.

## కవర్ మీద ముఖం ఎవరిది అని అడిగేవాళ్లకు

మైల్స్ డేవిస్ రికార్డు మీద పడవలో తెల్లమ్మాయి ఎందుకుంది?

అది ట్రంపెట్ వాద్యకారుడు డేవిస్ 1957 నాటి ‘మైల్స్ అహెడ్’. కొలంబియా పెద్ద కంపెనీ. తెల్లవాళ్ల ఇళ్లలోకి ఈ రికార్డు వెళ్లాలంటే తెరచాప పడవ, దాని మీద హాయిగా కూర్చున్న తెల్లమ్మాయి ఉండాలని అనుకుంది. డేవిస్‌కి ఒళ్లు మండింది. నా రికార్డు మీద ఆమె ఎందుకని అడిగారు. తర్వాతి ముద్రణల్లో ఆమె పోయి ఆయన ఫొటో వచ్చింది.

అక్కడితో ఆయన ఊరుకోలేదు. 1961లో వచ్చిన ‘సమ్‌డే మై ప్రిన్స్ విల్ కమ్’ కవర్ మీద తన భార్య, నర్తకి ఫ్రాన్సెస్ టేలర్ ఫొటో ఉండాలని పట్టుబట్టారు. యువరాజు కోసం ఎదురుచూసే సుందరి స్థానంలో ఒక నల్లజాతి స్త్రీ. రికార్డు దుకాణంలో ఆ కవర్ చూసిన అప్పటి నల్లజాతి అమ్మాయికి ఎలా అనిపించి ఉంటుందో ఊహించుకోండి. 1967లో ‘సోర్సరర్’ మీద నటి సిసిలీ టైసన్ కనిపిస్తారు.

కవర్ మీద రాజకీయం పెట్టినవాళ్లు ఉన్నారా?

డ్రమ్స్ వాద్యకారుడు మ్యాక్స్ రోచ్ 1960లో చేసిన ‘వి ఇన్‌సిస్ట్!’ కవర్ చూడండి. హోటల్ కౌంటర్ ముందు ముగ్గురు నల్లజాతి యువకులు కూర్చుని మన వైపు తిరిగి చూస్తున్నారు. కౌంటర్ వెనక తెల్ల సర్వర్. అంతే బొమ్మ. కానీ ఆ ఫిబ్రవరిలోనే నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు విద్యార్థులు తెల్లవాళ్లకి మాత్రమే వడ్డించే కౌంటర్ దగ్గర కూర్చుని, ‘మేం లేవం’ అన్నారు. ఆ ఏడాది పేపరు చదివిన ఎవరికీ ఈ ఫొటోకి వివరణ అక్కర్లేదు.

శాక్సొఫోన్ పట్టుకుని కౌబాయ్ వేషమేంటి?

సోనీ రోలిన్స్, 1957, ‘వే ఔట్ వెస్ట్’. ఎడారిలో నిలబడ్డారు, పెద్ద టోపీ, నడుముకి తుపాకీ ఒర, చేతిలో తుపాకీ బదులు శాక్సొఫోన్. ఆలోచన రోలిన్స్‌దే, ఫొటో తీసింది విలియమ్ క్లాక్స్‌టన్. చిన్నప్పుడు కౌబాయ్ సినిమాలు చూసి పెరిగిన న్యూయార్క్ కుర్రాడి సరదా అందులో ఉంది. హాలీవుడ్ కౌబాయ్ అంటే తెల్లవాడే అనుకునే రోజుల్లో ఒక నల్లజాతి వాద్యకారుడు ఆ టోపీ పెట్టుకోవడంలో ఉన్న ధైర్యమూ ఉంది.

న్యూయార్క్ కవర్లు చీకటిగా, కాలిఫోర్నియా కవర్లు ఎండగా ఉంటాయి. సంగీతం కూడా అలాగే ఉంటుందా?

కొంతవరకే. లాస్ ఏంజెలెస్‌లో పసిఫిక్ జాజ్ కంపెనీకి క్లాక్స్‌టన్ పగటి వెలుగులో, ఆరుబయట, సముద్రం దగ్గర ఫొటోలు తీశారు. ట్రంపెట్ వాద్యకారుడు చెట్ బేకర్ అందగాడు, సినిమా హీరోలా కనిపించేవారు. అలా ‘వెస్ట్ కోస్ట్’ అంటే తెల్లగా, తీరిగ్గా ఉండే సంగీతం అన్న ముద్ర పడిపోయింది. ఆ ఊళ్లోనే సెంట్రల్ అవెన్యూలో గట్టిగా, వేగంగా వాయించే నల్లజాతి కళాకారులు బోలెడంతమంది. వాళ్లకి అంత ఎండ దొరకలేదు.

మన సినిమా పాటల క్యాసెట్ కవర్లకీ వీటికీ తేడా ఏంటి?

మన క్యాసెట్ మీద హీరో హీరోయిన్ల స్టిల్ ఉండేది. సంగీత దర్శకుడి పేరు కింద. గాయనీగాయకుల పేర్లు లోపలి కాగితం మీద, కంటికి ఆనని అక్షరాల్లో. వాద్యకారుల పేర్లు దాదాపు ఉండేవి కావు. వీణ ఎవరు వాయించారో తెలుసుకోవాలంటే ఆ రికార్డింగ్‌కి వెళ్లినవాళ్లని అడగాల్సిందే. మన కవర్ అమ్మింది సినిమాని, పాట దానికి తోడు వచ్చేది. జాజ్ కవర్ అమ్మేది వాయించే మనిషిని. నాకు బాధ కలిగేది ఇక్కడే. మద్రాసు స్టూడియోల్లో జీవితమంతా వాయించిన ఎందరో తెలుగువాళ్ల ముఖం ఒక్క అట్ట మీద కూడా లేదు.

## ప్రకటనల గురించి అడిగేవాళ్లకు

రికార్డు కంపెనీలు తమని తాము ఎలా ప్రచారం చేసుకున్నాయి?

రెండు కంపెనీలని పక్కపక్కన పెడితే తెలుస్తుంది. ఇంపల్స్ 1960ల్లో ‘జాజ్‌లో కొత్త కెరటం ఇంపల్స్ మీదే’ అని గట్టిగా చాటింది. రికార్డుల వీపుకి, అంటే అల్మరాలో బయటికి కనిపించే అట్ట అంచుకి, నారింజ, నలుపు రంగులు వేసింది. అల్మరాలో వంద రికార్డులున్నా ఇంపల్స్ ఎక్కడుందో దూరం నుంచే తెలిసిపోతుంది. అల్మరా వరస కూడా ఒక ప్రకటనే అని వాళ్లకి తెలుసు.

1969లో మ్యూనిక్‌లో మాన్‌ఫ్రెడ్ ఐకర్ మొదలుపెట్టిన ఈసీఎం దానికి పూర్తి వ్యతిరేకం. నిశ్శబ్దం తర్వాత అంత అందమైన శబ్దం అన్న అర్థం వచ్చే ఒక సమీక్ష మాటని నినాదం చేసుకుంది. కవర్ల మీద ఖాళీ సముద్రం, మంచు, బూడిద రంగు ఆకాశం. మనిషి కనపడటం తక్కువ. జాజ్‌ని క్లబ్బులోంచి తీసి కిటికీ పక్కన కూర్చోబెట్టింది ఆ కంపెనీ.

అమెరికా ప్రభుత్వం కూడా జాజ్‌ని ప్రచారానికి వాడుకుందా?

బాగా వాడుకుంది. 1956లో డిజీ గిలెస్పీ బృందాన్ని విదేశాంగ శాఖ పర్యటనకి పంపింది. సోవియట్ యూనియన్‌తో ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న రోజులు. ‘మా దేశంలో స్వేచ్ఛ ఇలా ఉంటుంది’ అని చెప్పడానికి నల్లజాతి సంగీతం కావలసి వచ్చింది. అదే ఏడాది ఆర్మ్‌స్ట్రాంగ్ ‘అంబాసిడర్ శాచ్’ రికార్డు కవర్ మీద దౌత్యవేత్త దుస్తుల్లో కనిపించారు. 1958లో డేవ్ బ్రూబెక్, 1963లో ఎల్లింగ్టన్ భారతదేశం కూడా వచ్చారు. విదేశాల్లో రాయబారి హోదా ఇచ్చిన దేశం, సొంత దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతి కళాకారులకి హోటల్ గది ఇవ్వలేదు. ఈ రెండూ కలిపి చదవాలి.

కార్లకీ ప్యాంట్లకీ జాజ్ యాడ్స్ ఎందుకు?

‘కూల్’ అన్న భావన అప్పటికే తయారై సిద్ధంగా దొరికింది కాబట్టి. ట్రంపెట్ వాద్యకారుడు లీ మోర్గన్ బ్లూ నోట్‌లో చేసిన ‘ద సైడ్‌వైండర్’ 1964లో పెద్ద హిట్. ఆ తర్వాత క్రైస్లర్ కార్ల టీవీ ప్రకటనలో ఆ బాణీ అనుమతి లేకుండా వినిపించింది. బ్లూ నోట్ కేసు వేస్తానంటే ఆపేశారు. 1993లో గ్యాప్ కంపెనీ పాత నలుపు-తెలుపు ఫొటోలు తీసుకుని మైల్స్ డేవిస్ ఖాకీ ప్యాంటు వేసుకున్నారు, చెట్ బేకర్ వేసుకున్నారు అని ప్రకటనలు వేసింది. అప్పటికి ఇద్దరూ చనిపోయారు. ఆ ఫొటోల్లో సంగీతం అక్కర్లేకుండా పోయింది, వాళ్లు నిలబడ్డ తీరు చాలింది.

మన దేశంలో జాజ్ అంటే ఫైవ్‌స్టార్ హోటల్ సంగీతం అన్న పేరెందుకు?

వచ్చిన దారే అది. 1930ల్లో బొంబాయి తాజ్ హోటల్‌లో లియాన్ ఆబీ, క్రికెట్ స్మిత్, టెడ్డీ వెదర్‌ఫర్డ్ లాంటి ఆఫ్రికన్ అమెరికన్ వాద్యకారులు వాయించారు. వినేవాళ్లు దొరలు, రాజాలు, ధనవంతులు. కానీ వాళ్ల పక్కన నేర్చుకున్న గోవా కళాకారులు పగలు హిందీ సినిమా స్టూడియోలకి వెళ్లారు. చిక్ చాకొలెట్, సెబాస్టియన్ డిసౌజా లాంటివాళ్ల చేతుల మీదుగా ఆ ట్రంపెట్ల ధోరణి సినిమా పాటలోకి వచ్చేసింది. అంటే రిక్షా తొక్కే మనిషి కూడా జాజ్ విన్నాడు, ఎవరూ దాన్ని ఆ పేరుతో అమ్మలేదు.

మన కళాకారులు జాజ్ కంపెనీల కవర్ల మీద కనిపిస్తారా?

కనిపిస్తారు. చెట్ బేకర్ రికార్డులు వేసిన పసిఫిక్ జాజ్ కంపెనీయే తర్వాత వరల్డ్ పసిఫిక్‌గా మారి రవిశంకర్ రికార్డులు తెచ్చింది. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాక్లిన్‌తో ‘రిమెంబర్ శక్తి’ బృందంలో వాయించారు. ఇలాంటి కవర్లలో మీరు గమనించాల్సింది ఒక్కటే. మన కళాకారుడు వాయించేవాడిలా ఉన్నాడా, లేక అగరొత్తుల పొగలో ధ్యానం చేసే యోగిలా ఉన్నాడా? రెండోదైతే ఆ కవర్ అమ్మేది సంగీతాన్ని కాదు.

## చేత్తో చేసేవాళ్లకు, కొని దాచుకునేవాళ్లకు

కాలేజీ ఫెస్ట్‌కి తెలుగులో బ్లూ నోట్ తరహా పోస్టర్ చేయాలి. అక్షరాలు కుదరట్లేదు, ఏం చేయాలి?

కుదరకపోవడానికి కారణం ఉంది. ఇంగ్లీషు పెద్ద అక్షరాలన్నీ ఒకే ఎత్తు, ఇటుకల్లా పేర్చొచ్చు. తెలుగుకి పైన గుడి, తలకట్టు, కింద వత్తులు. రెండు పంక్తులు దగ్గరగా పెడితే పై పంక్తి వత్తు కింది పంక్తి గుడి మీద కూర్చుంటుంది. అందుకని పంక్తులు పేర్చకండి. వత్తు లేని చిన్న మాట ఒక్కటి ఎంచుకోండి, ‘రాగం’ లాంటిది, దాన్ని పోస్టర్ వెడల్పంతా పరచండి. వత్తు తప్పనిసరైతే దాన్నే బొమ్మ చేయండి, ఫొటో మీదికి దిగనివ్వండి. రామభద్ర లాంటి లావు ఫాంట్ బాగా నప్పుతుంది. ఇంకా ధైర్యముంటే చేత్తో రాయండి. అక్షరానికి ఒక నడక ఉంటుందని బాపు మనకి ఎప్పుడో చూపించారు.

రంగులు రెండే. ఫొటో ఒకటే. మనిషి వాయిస్తున్నప్పుడు తీసినది, నవ్వమని చెప్పి తీసినది వద్దు.

పాత కవర్‌ని అనుకరిస్తే కాపీ అవుతుందా?

గౌరవంగా చేసినవి ఉన్నాయి. కెన్నీ బరెల్ ‘మిడ్‌నైట్ బ్లూ’ని గుర్తుచేస్తూ ఎల్విస్ కాస్టెల్లో 1981లో ఒక కవర్ వేశారు. జో జాక్సన్ 1984లో సోనీ రోలిన్స్ కవర్‌ని తన ముఖంతో మళ్లీ చేశారు. చూడగానే ఏది మూలమో తెలిసేలా చేశారు, దాచలేదు. కానీ అసలు ఫొటో తీసుకుని మీ పోస్టర్‌లో పెడితే హక్కుల సమస్య వస్తుంది. తరహా తీసుకోండి, ఫొటో మీదే తీసుకోండి.

ఒరిజినల్ కొనాలా, రీప్రింటా? ఎలా గుర్తుపట్టాలి?

కవర్ కోసమైతే మంచి రీప్రింట్ చాలు. 2019 నుంచి బ్లూ నోట్ తెస్తున్న టోన్ పోయెట్ వరస అట్టలు గట్టిగా, ముద్రణ నిండుగా ఉంటాయి. ఒరిజినల్ అని చెప్పి ఎక్కువ ధర అడిగితే మూడు చూడండి. లేబుల్ మీద అడ్రస్ ఏముంది (లెక్సింగ్టన్ అవెన్యూ పాతది, వెస్ట్ 63 దాని తర్వాతది), పాట అయిపోయాక మిగిలే నల్లటి భాగంలో వాన్ గెల్డర్ గుర్తు ఉందా, చెవి ఆకారంలో ఉండే ప్లాస్టిలైట్ ఫ్యాక్టరీ గుర్తు ఉందా. ఫొటోలు పంపమని అడగండి. పంపకపోతే కొనొద్దు.

ఫోన్‌లో గోరంత బొమ్మ చూస్తున్నాం. ఇంకా కవర్లకి విలువుందా?

సీడీ వచ్చినప్పుడే కవర్ ఎల్పీలో ఏడో వంతుకి పడిపోయింది. ఫోన్‌లో అయితే వేలిగోరే. కానీ రెండు రంగులు, ఒక ముఖం, ఒక పెద్ద మాటతో చేసినవి గోరంతయినా గుర్తుపట్టొచ్చు. తక్కువ ఖర్చులో దూరం నుంచి కనిపించాలని చేసిన పని ఇక్కడా పనికొస్తోంది.

మాది వైజాగ్. అట్టలకి బూజు పడుతోంది, ఎలా దాచాలి?

నిలబెట్టి పెట్టండి, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టొద్దు. బయటి గోడకి ఆనుకున్న అల్మరా వద్దు, వర్షాకాలంలో ఆ గోడ చెమ్మంతా అట్టకే ఎక్కుతుంది. ప్లాస్టిక్ కవర్ వేసినా పైభాగం మూసేయకండి, గాలి ఆడాలి. సిలికా జెల్ పొట్లాలు వేసి నెలకోసారి మార్చండి. బూజు కనిపిస్తే తడిగుడ్డ అస్సలు వద్దు, ముద్రణ లేచిపోతుంది. పొడి మెత్తటి బ్రష్‌తో ఆరుబయట దులపండి.

ఇంకోటి. రికార్డుని దాని లోపలి కాగితం కవర్‌లో పెట్టి, అట్ట వెనకాల విడిగా ఉంచండి. లోపలే ఉంచితే దాని అంచు లోపల్నుంచి ఒత్తి అట్ట మీద గుండ్రటి మచ్చ పడుతుంది. నా ‘బ్లూ ట్రెయిన్’ మీద ఆ మచ్చ సరిగ్గా కోల్ట్రేన్ చేతి మీదుగా పోతుంది.